డిశ్చార్జి తర్వాత మొదలయ్యే లెక్క: సర్జరీ భద్రతా సూచికల జాబితాలు మన జిల్లా ఆసుపత్రులకి ఎంతవరకు పనికొస్తాయి?

చీపురుపల్లి దగ్గర ఏదో పల్లె నుంచి వచ్చిన ఆవిడకి సిజేరియన్ అవుతుంది. ఐదో రోజో ఏడో రోజో ఇంటికి పంపేస్తారు. కేస్‌షీటులో ‘గాయం బాగుంది’ అని రాసి మూసేస్తారు. తొమ్మిదో రోజు కుట్టు దగ్గర ఎర్రబడి చీము కారుతుంది. ఆపరేషన్ చేసిన చోటికి మళ్లీ రావాలంటే బస్సు చార్జీ, తోడుకో మనిషి, చంకలో పసిబిడ్డ. ఇవన్నీ చూసుకుని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరే కట్టు కట్టించేసుకుంటుంది. నెలాఖరున ఆసుపత్రి రిజిస్టరులో ఇన్ఫెక్షన్లు: సున్నా. ఆ సున్నా వేసిన సిస్టరు అబద్ధం రాయలేదు. తనకి కనిపించినంత రాసింది.

సర్జరీ భద్రతని కొలవడానికి రెడీమేడ్ జాబితాలకి కొదవ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్టు ఉంది. ఆసుపత్రులకి నాణ్యతా గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ వాళ్ల సూచికలున్నాయి. ప్రభుత్వాసుపత్రులకి ఎన్‌క్వాస్ అనే జాతీయ నాణ్యతా ప్రమాణాల జాబితా ఉంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఏహెచ్ఆర్‌క్యూ సూచికలు, లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ ఇచ్చిన ఆరు కొలతలు కూడా ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో యాభై నుంచి వంద పడకల ఆసుపత్రి వీటిని తెచ్చి గోడకి తగిలిస్తే ఏది పనిచేస్తుంది, ఏది కాగితంగా మిగిలిపోతుంది అన్నదే ఈ సమీక్ష. ముందే చెప్పేస్తున్నాం: ఏ జాబితానీ ఉన్నదున్నట్టు తెచ్చుకోవద్దు. అన్నిట్లోంచి కలిపి ఓ ఎనిమిది ఏరుకోండి. ఆ ఎనిమిదీ కూడా డిశ్చార్జి రోజుతో ఆగిపోతే ఏరిన శ్రమ దండగే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్టు: ఐదుకి నాలుగు

2008లో వచ్చిన ఈ ఒక్క పేజీలో మొత్తం 19 అంశాలు, మూడు ఆగుళ్లు. మత్తు ఇచ్చే ముందు ఒకటి, కత్తి పెట్టే ముందు ఒకటి, రోగి థియేటరు దాటే ముందు ఒకటి. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఆ నగరాల్లో ఢిల్లీ కూడా ఉంది. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, పెద్ద చిక్కులు 11 శాతం నుంచి 7కి తగ్గాయి. ఆ తర్వాత కెనడాలోని అంటారియో రాష్ట్రంలో 101 ఆసుపత్రుల లెక్క తీస్తే, 2014లో వచ్చిన ఫలితం వేరుగా ఉంది. మరణాలు 0.71 నుంచి 0.65కి మాత్రమే వచ్చాయి. గణాంకాల పరంగా అది తేడా కిందకి రాదు. కాగితం అదే. మొదటి చోట చెక్‌లిస్టుతో పాటు శిక్షణ, లోపాలు దిద్దుకోవడం కూడా నడిచాయి. రెండో చోట అది పైనుంచి వచ్చిన ఉత్తర్వు. రెంటికీ మధ్య తేడాకి అదొక్కటే కారణమని ఎవరూ నిరూపించలేదు గానీ, థియేటర్లలో తిరిగేవాళ్లకి ఆ మాట నమ్మబుద్ధేస్తుంది.

ఎందుకంటే నింపిన చెక్‌లిస్టు చూడగానే తెలిసిపోతుంది. ఒక నెల షీట్లు తీసి బల్ల మీద పరచండి. మూడు ఆగుళ్లకీ ఒకే పెన్ను, ఒకే చేతిరాత, టిక్కులన్నీ ఒకే వాలుగా ఉంటే అవి కేసు అయ్యాక ఒకే చోట కూర్చుని వేసినవి. సమయం గళ్లు చూడండి: మత్తు 10:00, కోత 10:15, ముగింపు 11:00. రోజంతా అన్ని కేసులూ పావుగంటల లెక్కనే నడిచాయంటే గడియారం చూసి రాసినవి కావు. ‘అలెర్జీ ఉందా’ దగ్గర అందరికీ ‘లేదు’. ‘అర లీటరు దాటి రక్తం పోయే అవకాశం’ దగ్గర కూడా అందరికీ ‘లేదు’, మాయ అడ్డుగా ఉన్న సిజేరియన్‌కి సైతం. అంటే గడి నిండింది, ప్రశ్న ఎవరూ అడగలేదు.

అందుకే ‘చెక్‌లిస్టు ఎంత శాతం కేసుల్లో నింపారు’ అన్నది సూచికగా పెట్టకండి. మొదటి నెల్లోనే నూటికి నూరు వచ్చేస్తుంది, ఆ తర్వాత దానివల్ల ఏమీ తెలియదు. దాని బదులు నెలకి పది కేసులు, ముందుగా చెప్పకుండా, కత్తి పెట్టే ముందు ఆగుడు దగ్గర ఒక మనిషి నిలబడి చూడాలి. ఆ మనిషి ఆ కేసులో చేయి పెట్టేవాడు కాకూడదు. చూడవలసినవి మూడే. చేతిలో పనులు ఆపారా? రోగి పేరు, ఆపరేషన్ పేరు, ఏ వైపు అన్నవి గట్టిగా పలికారా? యాంటీబయాటిక్ వేసిన టైము మత్తు డాక్టరు నోటితో చెప్పారా? మూడూ జరిగితేనే ఒకటి, ఏ ఒక్కటి తప్పినా సున్నా. పదికి నాలుగొచ్చినా ఫరవాలేదు, అది నిజమైన నాలుగు.

ఐదులో ఒక నంబరు కోసేసింది ఎందుకంటే ఇది పనిముట్టే గానీ కొలబద్ద కాదు. కొలబద్ద మనం తయారు చేసుకోవాలి. జట్టులో అందరూ పేరు, పని చెప్పుకోవాలన్న అంశం మన థియేటర్లలో నవ్వులాటగా మారుతుంది, రోజూ కలిసి పనిచేసే నలుగురే కదా. బయట నుంచి సర్జనో మత్తు డాక్టరో వచ్చే రోజున మాత్రం అదే అంశం అక్కరకొస్తుంది. చిన్న నర్సింగ్ హోముల్లో అలా రావడం మామూలే. కాబట్టి తీసేయకండి, ‘కొత్త మనిషి ఉన్న రోజు’ అని సవరించుకోండి.

అమెరికా సూచికలు: ఐదుకి రెండు

ఏహెచ్ఆర్‌క్యూ జాబితా చదవడానికి ముచ్చటగా ఉంటుంది. కడుపులో వస్తువు మిగిలిపోవడం, ఆపరేషన్ తర్వాత సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకడం), కాలి సిరల్లో గడ్డలు, పొట్ట కుట్లు విడిపోవడం, డయాలిసిస్ పడే స్థాయిలో కిడ్నీ దెబ్బతినడం, అన్నిటికీ పక్కా నిర్వచనాలున్నాయి. చిక్కెక్కడంటే, అవన్నీ బిల్లు కోసం రాసే రోగ కోడ్ల మీద నడుస్తాయి. చేరేటప్పటికే ఉన్న జబ్బా, ఆసుపత్రిలో వచ్చిందా అని తేల్చే గుర్తు కూడా ఆ కోడ్ల పక్కనే ఉండాలి. మన దగ్గర డిశ్చార్జి సమ్మరీలో రోగం పేరు అక్షరాల్లో ఉంటుంది, కోడు ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. ఆ గుర్తు సంగతి చెప్పక్కర్లేదు. కోడ్లు సరిగా వేయని ఆసుపత్రి ఈ కొలతలో అన్నిటికంటే సురక్షితంగా తేలుతుంది.

కిడ్నీ సూచిక దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఇది కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం ఉన్న జిల్లా. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు నుంచి వచ్చేవాళ్లలో కిడ్నీ ముందే దెబ్బతిని ఉండొచ్చు, ఆ సంగతి వాళ్లకే తెలియకపోవచ్చు కూడా. హెర్నియాకో తుంటి ఎముకకో ఆపరేషన్ చేశాక మూడో రోజు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే లెక్క) 3 దాటితే, అది మనం ఇచ్చిన నొప్పి ఇంజక్షన్ల వల్లా, ముందు నుంచీ ఉన్నదా? ముందు రోజు పరీక్ష లేకపోతే ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఇక్కడ ఫలితాన్ని కొలిచే ముందు పనిని కొలవాలి: ప్లాన్ చేసి చేసే ఆపరేషన్లలో ఎంతమందికి ముందుగా క్రియాటినిన్ చూసి కేస్‌షీటులో రాశారు? ఎంతమందికి, కిడ్నీ బాగోలేదని తెలిశాక కూడా డైక్లోఫెనాక్ నొప్పి ఇంజక్షన్ వేశారు? ఈ రెండో లెక్క మందుల చార్టు చూస్తే పది నిమిషాల్లో వస్తుంది. అప్పటికే డయాలిసిస్‌లో ఉన్నవాళ్లని, డయాలిసిస్ కోసం చేతి రక్తనాళాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్‌కి వచ్చినవాళ్లని ఈ హారంలోంచి తీసేసి విడిగా చూసుకోవాలి. ఫిస్టులాకి వేరే సూచిక పెట్టుకోండి: ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఆ ఫిస్టులాలోంచి సూదులు వేసి డయాలిసిస్ చేయగలిగారా, లేదా? పలాస చుట్టుపక్కల రోగులకి పొట్ట కుట్ల కంటే ఇదే పెద్ద ప్రశ్న.

ఎన్ఏబీహెచ్, ఎన్‌క్వాస్: రెంటికీ మూడున్నర

మనకి దగ్గరగా ఉన్నవి ఇవే. ఎన్‌క్వాస్ ఎనిమిది విభాగాలుగా సాగి, చివరిదైన ఫలితాల విభాగంలో పని పరిమాణం, సామర్థ్యం, వైద్య భద్రత, సేవల నాణ్యత అంటూ లెక్కలు అడుగుతుంది. ఎన్ఏబీహెచ్ సర్జరీకి సంబంధించి అడిగేవి సూటిగా ఉంటాయి: గాయం ఇన్ఫెక్షన్ రేటు, అనుకోకుండా మళ్లీ థియేటరుకి తీసుకెళ్లడం, టైముకి యాంటీబయాటిక్, తప్పు మనిషికో తప్పు వైపో ఆపరేషన్ జరక్కుండా చూసే పద్ధతి పాటించడం, వాయిదాలు. అరువు తెచ్చుకోవాలంటే ముందు ఇక్కడే చేయి పెట్టండి. ఒకటిన్నర నంబరు తగ్గించింది సూచికల్లో లోపానికి కాదు, తనిఖీ రోజు దగ్గర పడ్డాక వెనకటి తేదీలతో రిజిస్టర్లు నిండే అలవాటుకి. ఆ అలవాటుని ఆ పద్ధతే పెంచుతోంది.

యాంటీబయాటిక్ సూచిక తీసుకోండి. పాత రివాజు ప్రకారం వార్డు సిస్టరు ఉదయం ఏడుంబావుకి ఇంజక్షన్ వేసేస్తుంది. మొదటి కేసు ఆలస్యమై, రెండో కేసు రోగి బల్ల ఎక్కేసరికి 10:05. అంటే 170 నిమిషాలు. సెఫజోలిన్ లాంటి మందు కోతకి ముందు గంటలోపు పడాలి. రిజిస్టరులో ‘యాంటీబయాటిక్ ఇచ్చారు: అవును’ అని మాత్రమే ఉంటే ఈ 170 నిమిషాలు ఎక్కడా కనబడవు. కాబట్టి గళ్లు రెండుండాలి: మందు వేసిన టైము, కోత టైము. మధ్య తేడా లెక్క వేసే పని ఆ గళ్లు నింపినవాళ్లది కాదు, వేరేవాళ్లది. సూచిక నిలబడిందంటే మందు వేసే చోటు మారిపోతుంది, వార్డు నుంచి థియేటరు బల్ల దగ్గరికి, సిస్టరు చేతి నుంచి మత్తు డాక్టరు చేతికి. సిజేరియన్‌లో బొడ్డు తాడు కత్తిరించాక వేద్దామనేవాళ్లు ఇంకా ఉన్నారు. కోతకి ముందే వేయమన్నది ఇప్పటి సిఫారసు. నాలుగు గంటలు దాటిన ఆపరేషన్‌లో సెఫజోలిన్ రెండో డోసు పడాలి, దాన్ని గుర్తుచేసే గడి కూడా పెట్టండి. ఇంటికి పంపేటప్పుడు ఐదు రోజుల మాత్రలు రాయడం వేరే జబ్బు. శుభ్రమైన ఆపరేషన్‌కి అవి అక్కర్లేదు. ‘24 గంటల్లో ఆపేశారా’ అని ఒక గీత గీసి చూడండి, ఎంత కింద ఉన్నామో తెలుస్తుంది.

‘మళ్లీ థియేటరుకి’ అన్నదాంట్లో గొడవంతా ‘అనుకోకుండా’ అనే మాట దగ్గరే. కాలిన పుండుకి మూడుసార్లు శుభ్రం చేస్తామని ముందే రాసుంటే అది అనుకున్నదే. రెండో రోజు రాత్రి పొట్టలో రక్తం కారుతోందని తీసుకెళ్తే అనుకోనిది. ముందే అనుకున్నామని తర్వాత రాసుకోకుండా ఒక నియమం ఉంది: మొదటి ఆపరేషన్ నోట్సులో రెండోదాని ప్రస్తావన లేకపోతే అది అనుకోనిదే. ఇంకో వాదన లేదు.

వాయిదాల శాతం భద్రతా జాబితాలో ఎందుకుందో మాకు ఇప్పటికీ బోధపడదు. సంక్రాంతికి, సిరిమాను వారానికి తారీఖు మార్చమని రోగులే అడుగుతారు. రక్తం దొరక్క వాయిదా పడింది, మత్తు డాక్టరు రాక వాయిదా పడింది అనేవి విడిగా రాస్తే ఉపయోగం. అన్నీ కలిపి కొట్టిన శాతం ఎవరికీ పనికిరాదు.

లాన్సెట్ ఆరు కొలతలు ఆసుపత్రికి కాదు, జిల్లా అధికారులకి. రెండు గంటల్లో సిజేరియన్, పొట్ట ఆపరేషన్, విరిగి బయటికొచ్చిన ఎముకకి చికిత్స అందే చోటికి చేరగలరా అన్నది అందులో మొదటిది. సీతంపేట, భామిని కొండలున్న చోట అడగాల్సిన ప్రశ్నే. ఒక జాగ్రత్త: 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా విడిపోయింది, పాలకొండ, సీతంపేట శ్రీకాకుళం నుంచి అటు పోయాయి, రాజాం విజయనగరంలోకి వచ్చింది. జనాభా హారంగా ఉన్న ఏ లెక్కనైనా అంతకు ముందుది, తర్వాతది పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఆరింటిలో ఆసుపత్రికి పనికొచ్చేది మరణాల రేటు ఒక్కటే. అందులోనూ ఓ కంత ఉంది. నిర్వచనం ప్రకారం థియేటరులో ఆపరేషన్ అయినవాళ్లలో డిశ్చార్జి కాకముందే ఎంతమంది పోయారు అన్నది లెక్క. ఇక్కడ పరిస్థితి విషమించగానే అంబులెన్సు విశాఖ దారి పడుతుంది. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లకి పైనే. కేజీహెచ్‌లో ప్రాణం పోతే ఆ చావు అక్కడి పద్దులో పడుతుంది, మన పద్దులో ఆ రోగి ‘రిఫర్’, అంటే ప్రాణంతో బయటికెళ్లినవాడు. దీనికి విరుగుడు మాటల్లో తేలిక: చావు ఎక్కడ జరిగినా, కత్తి పెట్టిన చోట రాయాలి, ముప్ఫై రోజుల దాకా. ఆచరణలో అందరూ అడ్డుపడే సూచిక కూడా ఇదే. రిఫర్ చేసిన ప్రతి కేసుకీ మూడో రోజు, ముప్ఫయ్యో రోజు ఇంటివాళ్లకి ఒక ఫోను, ఒక గడి. అంతకు మించి ఖర్చు లేదు.

ఒప్పందం కుదర్చడం: డెల్ఫీ పద్ధతికి నాలుగు

ఈ సూచికలు పెట్టమని సూపరింటెండెంటు సంతకం చేసి పంపితే రెండు నెలలు నడుస్తాయి. కొలిచేవాళ్లూ, కొలతకి లోబడేవాళ్లూ కలిసి ఒప్పుకున్నవైతే ఎక్కువ కాలం నిలుస్తాయి. అలా ఒప్పుకోవడానికి 1950లలో అమెరికాలో రాండ్ సంస్థలో పుట్టిన డెల్ఫీ పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. మనకి సరిపోయేలా చెబుతాం.

తొమ్మిదిమంది చాలు. సర్జన్లు ఇద్దరు, గైనకాలజిస్టు, ఎముకల డాక్టరు, మత్తు డాక్టరు, థియేటరు సిస్టరు, వార్డు సిస్టరు, రికార్డులు చూసే మనిషి, బయట నుంచి ఒకరు. ఈ బయటి మనిషి రోగుల తరఫున మాట్లాడగలిగిన ఏఎన్ఎం అయితే మంచిది, కుట్టు చీము పట్టిందన్న సంగతి ఆవిడకే ముందు తెలుస్తుంది. ఓ ముప్ఫై సూచికలు రాసి, ఒక్కోదానికి లవం, హారం, ఎవరు రాస్తారు, ఎక్కడ రాస్తారు అన్న నాలుగు గళ్లు నింపి అందరికీ కాగితాలు ఇవ్వాలి. ఎవరికి వాళ్లు, పేరు రాయకుండా, 1 నుంచి 9 దాకా మార్కులు వేయాలి, రెండుసార్లు: ఇది ముఖ్యమా అని ఒకసారి, ఇది మన దగ్గర కొలవగలమా అని ఒకసారి.

మధ్యగతం 7 నుంచి 9 మధ్య ఉండి, అభిప్రాయభేదం లేకపోతే ఉంచాలి. అభిప్రాయభేదం అంటే తొమ్మిదిమందిలో ముగ్గురు లేదా అంతకు మించి 1-3లోనూ, మరో ముగ్గురు లేదా అంతకు మించి 7-9లోనూ ఉండడం. రెండో విడతలో ఒక్కొక్కరికి తన మార్కు, పక్కన అందరి మధ్యగతం చూపించి, చర్చించి, మళ్లీ రహస్యంగా వేయించాలి. రెండు విడతలు చాలు. మూడోదానికి వెళ్తే ఒప్పందం రాదు, అలసట వస్తుంది.

పాడయ్యేది ఎక్కడంటే, చర్చ ముందు, మార్కులు తర్వాత పెట్టినప్పుడు. పెద్ద సర్జనుగారు ‘అబ్బే, మన దగ్గర కడుపులో మాప్ గుడ్డ మిగిలిపోవడం ఏమిటయ్యా’ అని నవ్వేశాక, థియేటరు సిస్టరు ఆ సూచికకి 9 వేయదు. కాగితం ముందు, మాట తర్వాత. చీట్లు లెక్కపెట్టే మనిషి ఆ తొమ్మిదిమందిలో ఉండకూడదు. ఇంకోటి: ‘ముఖ్యమా’ దగ్గర అన్నిటికీ 8, 9 పడతాయి, ఎవరు కాదంటారు? జల్లెడ పట్టేది ‘కొలవగలమా’ అన్న రెండో మార్కే. కాలి సిరల్లో గడ్డల సూచిక సాధారణంగా అక్కడే ఆగిపోతుంది, డాప్లర్ స్కాను అందుబాటులో లేనిచోట గడ్డలు కనబడవు కాబట్టి.

ఒక నంబరు తగ్గింది ఈ పద్ధతి నిర్వచనాల్ని పరీక్షించదు కనుక. ఒప్పుకున్నాక పది పాత కేస్‌షీట్లు తీసి ఇద్దరు మనుషులకి విడివిడిగా ఇచ్చి లెక్క తీయమనండి. పదికి ఎనిమిదింట కూడా ఇద్దరి జవాబూ కలవకపోతే నిర్వచనం తిరగరాయాల్సిందే.

ముప్ఫై రోజుల ఫోను

ఇన్ఫెక్షన్ సూచికకి మిగతా అన్నిటికంటే శ్రమ ఎక్కువ, ఫలితమూ ఎక్కువ. అంతర్జాతీయ నిర్వచనంలో చర్మం పైపైన వచ్చేదానికి ముప్ఫై రోజులు. మెష్ పెట్టిన హెర్నియాకి, ప్లేటో రాడ్డో వేసిన ఎముకకి లోతున వచ్చేదానికైతే తొంభై. కుట్టు గుచ్చిన చోట మాత్రమే చిన్న పొక్కు లేస్తే లెక్కలోకి రాదు. చీము కారినా, డాక్టరు కావాలని కుట్టు విప్పాల్సి వచ్చినా వస్తుంది.

ఏ రోజుల్లో ఫోను చేయాలి? ఏడు, పద్నాలుగు, ముప్ఫై. ముప్ఫయ్యో రోజు ఒక్కసారే చేస్తే ‘అప్పుడెప్పుడో కొంచెం’ అన్న జవాబు తప్ప ఏమీ రాదు. నంబరు దగ్గరే మొదటి దెబ్బ. కేస్‌షీటులో ఉన్నది తరచు వలస వెళ్లిన కొడుకు నంబరో, చేపల వేటకి గుజరాత్ పోయిన మొగుడి నంబరో అవుతుంది. ఆయన చెన్నైలోనో వేరావల్‌లోనో ఉండి ‘బాగానే ఉందంటమ్మా’ అంటాడు. కాబట్టి చేరేటప్పుడే రెండు నంబర్లు తీసుకోవాలి, రెండోది ఇంట్లో ఉండేవాళ్లదో పక్కింటివాళ్లదో. అదీ లేకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తది. డిశ్చార్జి రోజు ఆ నంబరుకి ఒకసారి రింగిచ్చి చూసి పంపండి. పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి వచ్చేవాళ్లకి ఒడియాలో అడిగే మనిషి కావాలి. శ్రీకాకుళంలో అలాంటి సిస్టరు దొరకడం కష్టమేమీ కాదు.

అడిగే తీరు మీదే అంతా ఉంది. ‘ఇన్ఫెక్షన్ వచ్చిందా?’ అంటే ‘నేదమ్మా, బాగానే ఉంది’ అంటారు. ఇలా అడగాలి: ‘అమ్మా, కుట్టు దగ్గర ఎర్రగా ఉందా? నీరు గానీ చీము గానీ కారిందా? బట్టకి అంటుకుందా? జొరం వచ్చిందా? ఎవరిచేతనైనా కట్టు మార్పించారా? మళ్లీ ఇంజక్షన్లు వేయించారా?’ బట్టకి అంటుకోవడం దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. ఏ ఒక్కదానికి ‘అవును’ వచ్చినా ఫొటో పంపమనాలి, లేదా రమ్మనాలి. ఫోను ఆధారంగా ఇన్ఫెక్షన్ అని తేల్చేయకూడదు, అనుమానమని రాసి డాక్టరు చూశాక తేల్చాలి. ఎత్తని ఫోన్లని ‘బాగున్నారు’ కింద రాయడం మామూలుగా జరిగే మోసం, ఎక్కువసార్లు తెలియకుండానే జరుగుతుంది. వంద ఆపరేషన్లకి అరవైమంది దొరికితే హారం అరవయ్యే. దొరకని నలభైని పక్కనే రాయాలి. దొరికినవాళ్లు ఎనభై శాతం లోపు ఉంటే ఆ నెల ఇన్ఫెక్షన్ రేటు బయటికి చెప్పకపోవడమే మర్యాద.

ఈ పద్ధతి మొదలెట్టిన మూడు నెలల్లో రేటు పెరిగి తీరుతుంది. అంతకు ముందు సున్నా కదా. యాజమాన్యం కంగారు పడి ఫోన్లు ఆపించే ప్రమాదం అప్పుడే. ఆ మాట ముందే వాళ్లతో ఒప్పించి రాయించుకోండి. పగిలిన అపెండిక్స్‌నీ హెర్నియానీ ఒకే శాతంలో కలపకండి. శుభ్రమైన గాయం, కొంత కలుషితం, కలుషితం, చీము పట్టినది, ఈ నాలుగూ విడివిడిగా ఉండాలి. ఇన్ఫెక్షన్ ఏ నెల్లో తేలిందన్నది కాదు, ఆపరేషన్ ఏ నెల్లో అయిందో ఆ నెల కింద రాయాలి.

చిన్న సంఖ్యలతో ఇంకో తిప్పలు. నెలకి 48 సిజేరియన్లు చేసేచోట ఒక ఇన్ఫెక్షన్ అంటే 2.1 శాతం, రెండంటే 4.2. ‘ఇన్ఫెక్షన్లు రెట్టింపు’ అని మీటింగులో గగ్గోలు పెట్టాల్సిన పని లేదు. సున్నాని చూసి మురిసిపోనూ అక్కర్లేదు: 150 కేసుల్లో ఒక్కటీ రాలేదంటే అసలు రేటు 2 శాతం దాకా ఉండొచ్చు. మూడుని కేసుల సంఖ్యతో భాగిస్తే ఆ పై గీత వస్తుంది. అరుదైనవాటికి శాతాలు మానేసి, రెండు ఘటనల మధ్య ఎన్ని ఆపరేషన్లు గడిచాయో గోడ మీద చుక్కలుగా పెట్టండి. చుక్కలు పైకి పోతుంటే మంచికే.

మాపుల లెక్క

కడుపులో గుడ్డ మిగిలిపోవడం ఏళ్లకొకసారి జరిగేది. దాన్ని కొలిస్తే ఎప్పుడూ సున్నాయే వస్తుంది. కొలవాల్సింది లెక్కలో తేడా వచ్చిన కేసులు. మొదలెట్టే ముందు, పొట్ట మూసే ముందు, చర్మం కుట్టేటప్పుడు, మూడు లెక్కలు. ఆపరేషన్‌లో చేయందించే స్క్రబ్ సిస్టరు, చుట్టూ తిరిగి సామాను ఇచ్చే ఫ్లోర్ సిస్టరు ఇద్దరూ పైకి పలుకుతూ లెక్కపెట్టాలి, బోర్డు మీద రాయాలి, మధ్యలో కట్ట విప్పితే అప్పటికప్పుడు కలపాలి. తేడా వస్తే కుట్టడం ఆపి వెతకాలి, దొరక్కపోతే బల్ల మీదే ఎక్స్‌రే. ఆరు నెలల్లో ఒక్క తేడా కూడా నమోదు కాలేదంటే ఆ థియేటరులో లెక్క జరగడం లేదని అర్థం.

ఇక్కడ మనకే ప్రత్యేకమైన చెడ్డ అలవాట్లు రెండు. ఒకటి, గాజ్ గుడ్డని మధ్యకి కత్తిరించి రెండు చేసి వాడడం. అలా చేశాక పది విప్పి పది లెక్క తేలినా, సగం ముక్క లోపల ఉండొచ్చు. రెండోది, థాను బట్ట తెచ్చి ఆసుపత్రిలోనే మడిచి కుట్టిన మాపులు. వాటిలో ఎక్స్‌రేకి కనబడే దారం ఉండదు, ఎక్స్‌రే తీసినా గుడ్డ కనిపించదు. నీలం దారం ఉన్నవాటిని ఐదేసి కట్టలుగా కొనండి, పొట్ట తెరిచే కేసులకైనా. ఒక మాప్ ధర, ఒక రెండో ఆపరేషన్ ధర పక్కపక్కన వేస్తే స్టోరు గుమస్తా కూడా ఎదురు చెప్పడు.

సామాను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో టేపు చారలు నల్లబడితే చాలనుకోవడం మరో పొరపాటు. టేపు చెప్పేది పెట్టె వేడెక్కిందని మాత్రమే, లోపల సామాను శుద్ధయిందని కాదు. మూట మధ్యలో రసాయన స్ట్రిప్పు, వారానికి ఒకసారి స్పోర్ పరీక్ష (గట్టి సూక్ష్మజీవులు లోపల పెట్టి, చచ్చాయో లేదో చూడడం) ఉండాలి. సూచిక: స్పోర్ పరీక్ష చేసిన వారాలు, మొత్తం వారాల్లో ఎన్ని. 52కి 52 రాకపోతే కారణం రాయాలి. పరీక్ష సామాను కొనలేదని రాసినా సరే, అది కూడా సమాచారమే.

వీటన్నిటికీ ఒక వంద పేజీల బౌండు రిజిస్టరు, ఒక ఫోను, వారానికి ఆరు గంటలు పని చేసే ఒక సిస్టరు కావాలి. ఆ ఆరు గంటలు డ్యూటీ చార్టులో పేరు పెట్టి రాయకపోతే రెండో నెల నుంచి రిజిస్టరు తెల్లగా ఉంటుంది. ఎనిమిది సూచికల్లో ఏదైనా వరసగా ఏడాది నూటికి నూరు చూపిస్తే తీసేయండి, దాని స్థానంలో డెల్ఫీ కాగితాల్లో తొమ్మిదో స్థానంలో ఆగిపోయినదాన్ని దించండి. తీసేసినదాన్ని మాత్రం ఏడాదికి ఒకసారి, చెప్పాపెట్టకుండా ఒక నెల పాటు మళ్లీ కొలిచి చూడాలి.